మైనస్ 20 డెసిబెల్ వెనుక: హ్యామ్ రేడియోలో కోడ్ చేసేదెంత, పెట్టె చేసేదెంత

2017లో ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ (కంప్యూటర్‌తో సందేశాలు పంపే పద్ధతి) వచ్చాక, లైసెన్స్‌తో అభిరుచిగా నడిపే హ్యామ్ రేడియో బ్యాండ్ల తీరే మారిపోయింది. బ్యాండ్ తెరుచుకుని, అంటే దూరపు సిగ్నళ్లు అందుతూ, ఉన్న ఏ వేళలోనైనా 14.074 మెగాహెర్ట్జ్ దగ్గర రిసీవర్ పెడితే డజన్ల కొద్దీ స్టేషన్ల సన్నని ఈలలు ఒకదాని మీద ఒకటి పడి వినిపిస్తాయి. చెవికి అసలు అందని సిగ్నల్‌ను కూడా కంప్యూటర్ అక్షరాలుగా మార్చి, పక్కనే మైనస్ 18, మైనస్ 20 అంటూ అంకె వేస్తుంది. మైనస్ 20 డెసిబెల్ అంటే సిగ్నల్ కంటే నాయిస్ (రొద) వంద రెట్లు ఎక్కువ. కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లు ఇది చూసి దారిలో చెడిన బిట్లను సరిదిద్దే ఎర్రర్ కరెక్షన్ కోడ్ ఏదో అద్భుతం చేస్తోందనీ, ఇక రేడియో, యాంటెన్నా ఎలా ఉన్నా ఫర్వాలేదనీ అనుకుంటారు. ఈ అభిప్రాయంలో సగం తప్పు. ఆ సగం ఎక్కడుందో తెలిస్తేనే ఏ పనికి ఏ మోడ్ వాడాలో, దానికి ఏ పరికరం కొనాలో తేలుతుంది.

ముందు ఆ వంద రెట్ల సంగతి. ఈ మోడ్‌లలో సిగ్నల్, నాయిస్ నిష్పత్తిని 2500 హెర్ట్జ్ వెడల్పులో ఉన్న నాయిస్ మొత్తంతో పోల్చి చెప్పడం ఆనవాయితీ. మాటలు పంపే ఎస్‌ఎస్‌బీ రిసీవర్ వెడల్పు ఇంచుమించు అంతే. కానీ ఎఫ్‌టీ8 సిగ్నల్ ఆక్రమించేది 50 హెర్ట్జే. అందులో ఎనిమిది టోన్లు, ఒక్కో టోన్‌కూ పక్క టోన్‌కూ మధ్య 6.25 హెర్ట్జ్ దూరం. ఏ క్షణంలోనైనా ఒక్క టోనే ఉంటుంది. కంప్యూటర్ 2500 హెర్ట్జ్‌నూ ఒకేసారి వినదు, 6.25 హెర్ట్జ్ వెడల్పున్న సన్నని కిటికీల్లోంచి చూస్తుంది. ఆ కిటికీలోకి వచ్చే నాయిస్ మొత్తంలో 400వ వంతే. అంటే తెర మీద మైనస్ 20 అని ఉన్నప్పుడు, ఆ టోన్ ఉన్న కిటికీలో సిగ్నలే నాయిస్ కంటే నాలుగు రెట్లు ఎక్కువ. అద్భుతంలో పెద్ద భాగం కోడ్‌ది కాదు, నిదానానిది. ఒక్కో టోన్‌ను 160 మిల్లీసెకన్ల పాటు నిలిపి ఉంచడం వల్లే అంత సన్నని కిటికీ సాధ్యమైంది.

రెండో భాగం సందేశాన్ని కుదించడంలో ఉంది. ఇది ఎర్రర్ కరెక్షన్ కిందకు రాదు కాబట్టి చాలామంది దీన్ని పట్టించుకోరు. నిజానికి ఎఫ్‌టీ8 రూపకర్తలు స్టీవ్ ఫ్రాంక్, జో టేలర్ల తెలివి ఎక్కువగా కనిపించేది ఇక్కడే. మామూలు రూపంలో ఉన్న కాల్‌సైన్లు, అంటే స్టేషన్ల గుర్తింపు పేర్లు, ఎన్ని సాధ్యమో లెక్కపెడితే 26 కోట్ల 21 లక్షల పైచిలుకు తేలుతాయి. 28 బిట్లలో 26 కోట్ల 84 లక్షల అంకెలు పడతాయి కాబట్టి కాల్‌సైన్‌కు 28 బిట్లు చాలు. భూగోళాన్ని గళ్లుగా విడగొట్టే పద్ధతిలో హైదరాబాద్ ఎంకే97, విశాఖపట్నం ఎన్‌కే17. అలాంటి గళ్లు ప్రపంచం మొత్తం మీద 32,400. వాటికి 15 బిట్లు సరిపోతాయి. రెండు కాల్‌సైన్లు, ఒక గడి, కొన్ని గుర్తులు కలిపితే 77 బిట్లు. అదే సందేశాన్ని అక్షరానికి 8 బిట్ల చొప్పున పంపితే దాదాపు రెట్టింపవుతుంది. పంపాల్సిన బిట్లు తగ్గితే ఒక్కో బిట్‌కు దక్కే సమయం, శక్తి పెరుగుతాయి.

ఆ తర్వాతే కోడ్ వంతు. 77 బిట్లకు తప్పు పట్టుకోవడానికి 14 బిట్ల సీఆర్‌సీ చేరుతుంది. ఆ 91 బిట్లకు సరిచూసుకోవడానికి మరో 83 పారిటీ బిట్లు చేరి మొత్తం 174 అవుతాయి. వీటిని కలిపేది ఎల్‌డీపీసీ అనే కోడ్. ఇది గళ్ల నుడికట్టు లాంటిది. నుడికట్టులో ఒక గడిలోని అక్షరం అడ్డంగానూ నిలువుగానూ సరిపోవాలి కాబట్టి, ఒక ఆధారం తెలియకపోయినా చుట్టూ ఉన్నవి దాన్ని బయటపెడతాయి. ఇక్కడ ప్రతి బిట్టూ సరిగ్గా మూడు పరీక్షల్లో పాల్గొంటుంది. ప్రతి పరీక్షలోనూ ఆరేడు బిట్లు ఉంటాయి. డీకోడర్ ప్రతి బిట్‌కూ మొదట "ఇది ఒకటి అయ్యే అవకాశం ఇంత" అని అంచనా వేసి, పరీక్షల మధ్య ఆ అంచనాలను అటూ ఇటూ తిప్పుతూ, అన్నీ ఒప్పుకునే జవాబు వచ్చేదాకా సవరిస్తుంది. ఒకటా సున్నానా అని మొదటే తేల్చేయకుండా అనుమానాన్ని అనుమానంగానే లోపలికి తీసుకెళ్లడం దీని బలం.

ఈ కోడ్‌ను 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో రాబర్ట్ గాలగర్ కనిపెట్టారు. అప్పటి కంప్యూటర్లకు అంత లెక్క చేసే శక్తి లేక మూడు దశాబ్దాల పాటు దాదాపు మరుగున పడింది. 1990ల్లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. ఇప్పుడు 5జీ ఫోన్ల డేటా నడిచేది ఇదే కుటుంబపు కోడ్ మీద. పాత ల్యాప్‌టాప్‌తో నడిచే హ్యామ్ స్టేషన్‌కూ 5జీ టవర్‌కూ ఒకే గణితం పనిచేయడం హ్యామ్‌లు గర్వపడదగ్గ విషయం. జో టేలర్ నేపథ్యం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. జంట నక్షత్రంలో పల్సార్‌ను (క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రాన్ని) కనుగొన్నందుకు రసెల్ హల్స్‌తో కలిసి 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారాయన. నాయిస్‌లో మునిగిపోయిన పల్సార్ స్పందనలను బయటికి లాగడంలో సంపాదించిన నేర్పే హ్యామ్ రేడియోకూ ఉపయోగపడింది.

అయితే ఏదీ ఊరికే రాదు. ఎఫ్‌టీ8 మూల్యం రెండు రకాలుగా చెల్లిస్తుంది. ఒకటి సమయం: 15 సెకన్లకు ఒక్క సందేశం, అందులో 12.64 సెకన్లు ప్రసారం. రెండోది స్వేచ్ఛ: ముందే నిర్ణయించిన రూపంలో తప్ప మాట్లాడలేరు. సొంతంగా రాయాలంటే 42 అక్షరాల పట్టికలోంచి ఏరుకున్న 13 అక్షరాలే పడతాయి. దీనికి ముందు చంద్రుడి మీద సిగ్నల్‌ను పరావర్తనం చేయించడం కోసం టేలర్ 2003లో రూపొందించిన జేటీ65లో 72 బిట్లను రీడ్-సాలమన్ అనే ఇంకో కోడ్‌తో 378 బిట్లుగా పెంచి, దాదాపు 47 సెకన్ల పాటు పంపేవారు. అది మైనస్ 25 దాకా దిగుతుంది. 2008లో వచ్చిన విస్పర్ ఇంకా ముందుకెళ్లింది. 50 బిట్ల సందేశాన్ని దాదాపు రెండు నిమిషాలు పంపి మైనస్ 31 దాకా దిగుతుంది. కానీ అందులో పోయేవి కాల్‌సైన్, గడి, ఎంత పవర్ అన్న మూడు వివరాలే. ఎదుటివాళ్లతో సంభాషణ అనేదే లేదు. యాంటెన్నా ఎంత దూరం పలుకుతోందో తెలుసుకోవడానికి దాన్ని మించిన పరికరం లేదు. అంతకు మించి దాని నుంచి ఆశించకూడదు.

ఇంకో దారి దీనికంటే పాతది, ఎక్కువమంది మరిచిపోయింది. మొదటే అదనపు బిట్లు పంపే బదులు, తప్పు వస్తే మళ్లీ పంపమని అడగడం. పాత రేడియో టెలిటైప్ పద్ధతి ఆర్‌టీటీవైలో అక్షరానికి అయిదు బిట్లు. ఉన్న 32 కలయికలూ వాడుకలో ఉన్నవే కాబట్టి ఒక బిట్ చెడితే ఇంకో అక్షరం అచ్చవుతుంది. తప్పు జరిగిందన్న సంగతే అందుకున్నవాళ్లకు తెలియదు. 1970ల చివర్లో బ్రిటన్‌కు చెందిన పీటర్ మార్టినెజ్, ఓడల టెలెక్స్ పద్ధతి సైటర్‌ను హ్యామ్‌లకు అనువుగా మలిచి ఆమ్‌టార్ తెచ్చారు. అక్షరానికి ఏడు బిట్లు, వాటిలో నాలుగు తప్పనిసరిగా ఒక రకం, మూడు రెండో రకం. అలాంటి కలయికలు 35 మాత్రమే. నాలుగు, మూడు లెక్క కుదరకపోతే తప్పు వచ్చినట్టే. అటొక బిట్, ఇటొక బిట్ ఒకేసారి తిరగబడితే మాత్రం దొరకదు. ఆ లోపం చివరిదాకా ఉండిపోయింది.

ఆమ్‌టార్‌లో కోడ్, హార్డ్‌వేర్ ఎంతగా పెనవేసుకున్నాయో చూడాలంటే దాని గడియారం చూడాలి. పంపేవాళ్లు మూడు అక్షరాలు 210 మిల్లీసెకన్లలో పంపి ఆగుతారు. తర్వాతి 240 మిల్లీసెకన్లలో అవతలి నుంచి "అందింది" లేదా "మళ్లీ పంపు" అన్న జవాబు రావాలి. జవాబుకు 70 పోతే మిగిలేది 170. భూమికి సరిగ్గా అవతలి వైపున్న స్టేషన్, అంటే 20,000 కిలోమీటర్ల దూరం, పోయి రావడానికి రేడియో తరంగానికి 133 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు రేడియోలూ ప్రసారం నుంచి వినడానికీ, వినడం నుంచి ప్రసారానికీ మారడానికి కలిపి 40 మిల్లీసెకన్లు కూడా ఉండవు. ఆ రోజుల్లో రేడియో కొనేవాళ్లు ఈ మార్పు చేసే స్విచ్, అంటే రిలే, ఎంత వేగంగా మారుతుందని అడిగేవాళ్లంటే కారణం ఇదే. కోడ్ ఎంత బాగున్నా రిలే నిదానమైతే దూరపు స్టేషన్ దొరకదు.

జర్మనీలో 1990ల మొదట్లో పుట్టిన ప్యాక్టర్ అనే మోడ్ ఈ ఇబ్బందిని సడలించింది. ఒక్కో చక్రం 1.25 సెకన్లు, ఒక్కో ప్యాకెట్‌కు (డేటా ముక్కకు) 16 బిట్ల సీఆర్‌సీ. దాంట్లో ఒక ఆలోచన మాత్రం ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది. చెడిపోయిన ప్యాకెట్‌ను పారేయరు. అది ఎంత బలంగా, ఎంత అనుమానంగా వచ్చిందో ఆ విలువలను దాచి ఉంచి, మళ్లీ వచ్చిన ప్యాకెట్‌తో కలుపుతారు. విడివిడిగా చూస్తే ఏదీ సరిగా లేని మూడు ప్యాకెట్లు కలిసి ఒక మంచి ప్యాకెట్ అవుతాయి. నాయిస్ ప్రతిసారీ వేరు, సందేశం ప్రతిసారీ అదే. ఇక్కడా అనుమానాన్ని తీసిపారేయకుండా వాడుకోవడమే కిటుకు.

ప్యాక్టర్ తర్వాతి తరాలు ఎంతో వేగం సాధించాయి కానీ అవి దాన్ని తయారుచేసిన సంస్థ అమ్మే మోడెమ్ పెట్టెలోనే నడుస్తాయి. దాని ధర వెయ్యి డాలర్లకు పైమాటే. ఆ పెట్టెలో సొంత ప్రాసెసర్ ఉంటుంది కాబట్టి టైమింగ్ తప్పదు. మామూలు విండోస్ కంప్యూటర్ ఒక్కోసారి ఏదో అప్‌డేట్ పనిలో పడి పదుల మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది. స్పెయిన్‌లో తయారైన వారా, ఆ ఆలస్యాన్ని తట్టుకునేలా రాసిన సాఫ్ట్‌వేర్ మోడెమ్. టర్బో కోడ్ అనే ఎర్రర్ కరెక్షన్, అనేక క్యారియర్ల (పక్కపక్కనే ఒకేసారి నడిచే టోన్ల) మీద పంచిన డేటా, మామూలు సౌండ్ కార్డ్. ఖరీదైన పెట్టె చేసే పనిలో చాలా భాగం కొద్దిపాటి లైసెన్స్ ఫీజుతో దొరికింది. అయితే వారా సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ బయటపెట్టలేదు. ఆర్డాప్ అనే ఇంకో మోడెమ్ సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. గాలిలో పోయేది ఎవరైనా విని అర్థం చేసుకోగలగాలన్నది హ్యామ్ రేడియోకు పునాది నియమం కాబట్టి, వేగం కొంత తక్కువైనా తెరిచి ఉన్న కోడ్ వైపే మొగ్గడం న్యాయమనిపిస్తుంది.

మోడ్‌ను బట్టి పెట్టె మారుతుందన్న సంగతి ట్రాన్స్‌మిటర్ దగ్గర ఇంకా స్పష్టం. ఎఫ్‌టీ8, విస్పర్‌లలో ఒక క్షణానికి ఒక్క టోనే, దాని బలం ఎప్పుడూ ఒకటే. అలాంటి సిగ్నల్‌కు లీనియర్ (సిగ్నల్ ఆకారం చెడకుండా పెంచే) యాంప్లిఫయర్ అక్కర్లేదు. స్విచ్‌లా తెరిచి మూసే యాంప్లిఫయర్ చాలు; అందులో వేడిగా వృథా అయ్యే శక్తి చాలా తక్కువ. క్యూఆర్‌పీ ల్యాబ్స్ వాళ్ల క్యూడీఎక్స్ దీనికి మంచి ఉదాహరణ. అరచేతిలో పట్టే ఈ 5 వాట్ల పెట్టె డిజిటల్ మోడ్‌లకు తప్ప దేనికీ పనికిరాదు. కంప్యూటర్ నుంచి వచ్చిన ఆడియోను అది రేడియో తరంగం మీదికి ఎక్కించదు. ఆడియో ఫ్రీక్వెన్సీ ఎంతో కొలిచి, అందులోని సింథసైజర్ చిప్‌ను నేరుగా ఆ ఫ్రీక్వెన్సీకి తిప్పుతుంది. అందుకే ఆడియో సరిగా అమర్చకపోతే వచ్చే చెత్త టోన్లు దాంట్లో పుట్టవు. కానీ దాంతో వారా, ప్యాక్టర్-3 వంటి అనేక క్యారియర్ల మోడ్‌లు పంపలేరు. వాటికి శిఖరాలను చదును చేయని లీనియర్ ఎస్‌ఎస్‌బీ రేడియో కావాలి. తక్కువ ధరలో వస్తోందని ముందు పెట్టె కొని, తర్వాత మోడ్ గురించి ఆలోచిస్తే ఇక్కడే దెబ్బ తగులుతుంది.

ఎస్‌ఎస్‌బీ రేడియోకు కంప్యూటర్ కలిపేటప్పుడు ఎక్కువ స్టేషన్లు చెడేది ఆడియో లెవెల్ దగ్గర. సౌండ్ కార్డ్ నుంచి అవసరానికి మించి ఆడియో పంపితే 500 హెర్ట్జ్ టోన్‌కు 1000, 1500 దగ్గర నకళ్లు పుడతాయి. తెర మీద అవతలివాళ్లకు ఒకే కాల్‌సైన్ మూడు చోట్ల కనిపిస్తుంది. ఎఫ్‌టీ8ను నడిపే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సాఫ్ట్‌వేర్‌లోని స్ప్లిట్ ఏర్పాటు ఆడియోను ఎప్పుడూ 1500, 2000 హెర్ట్జ్ మధ్యే ఉంచి, మిగతా తేడాను రేడియో ఫ్రీక్వెన్సీ జరిపి సరిచేస్తుంది. అప్పుడు నకళ్లు 3000 దాటి, రేడియో ఫిల్టర్‌లోనే ఆగిపోతాయి. పైసా ఖర్చు లేని ఈ ఒక్క సెట్టింగ్‌ను ప్రతి కొత్త స్టేషన్ మొదటి రోజే పెట్టుకోవాలి. ఇంకోటి వేడి. మాటల్లో సగటు పవర్ తక్కువ, ఎఫ్‌టీ8లో 12.64 సెకన్లు నిండు పవర్. 100 వాట్ల రేడియోను 30, 40 వాట్లకు దించడం మంచిది. ఇటీవలి ఐకామ్ ఐసీ-7300 వంటి వాటిలో సౌండ్ కార్డ్ లోపలే ఉంటుంది, ఒక్క యూఎస్‌బీ కేబుల్ చాలు. పాత రేడియోకైతే చిన్న ఇంటర్‌ఫేస్ పెట్టె, అందులో ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. కంప్యూటర్ గ్రౌండ్, రేడియో గ్రౌండ్ కలిసి పుట్టే రొదను అది తెంచుతుంది.

నగరాల్లో అసలు శత్రువు అంతకన్నా దగ్గర్లో ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, మొబైల్ చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు వెదజల్లే రొద, సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ మీద ఒక్క గీత పెరిగితే, అంటే 6 డెసిబెల్, ఆ నష్టం పూడ్చడానికి అవతలివాళ్లు నాలుగు రెట్లు పవర్ పెట్టాలి. అంతసేపు నిదానంగా పంపి జేటీ65, ఎఫ్‌టీ8 కంటే అదనంగా కిందికి దిగేదే 4 డెసిబెల్. అంటే ఇంట్లోని ఒక చవక చార్జర్, అంత ఓపికతో సాధించిన ఆ లాభాన్ని మొత్తం మింగేయగలదు. ఫెర్రైట్ రింగు మీద నాలుగైదు చుట్లు తిప్పిన కేబుల్, ఇంటికి దూరంగా లాగిన తీగ యాంటెన్నా చేసే మేలు ఏ యాంప్లిఫయరూ చేయదు. యాంప్లిఫయర్ మన మాట దూరం పంపుతుంది, అవతలి మాట వినిపించదు.

ఇక తుఫాను, వరదల సంగతి. తీరప్రాంతంలో హ్యామ్ రేడియో గురించి మాట్లాడేది ఎక్కువగా దీని కోసమే. 2004 డిసెంబర్ 26 సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతి ప్రసాద్ బృందం అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. మిగతా దారులు తెగిపోయిన అండమాన్ నుంచి సమాచారం వాళ్ల రేడియో ద్వారా బయటికి వచ్చింది. మాటకు ఉన్న శక్తి అప్పుడు రుజువైంది. అయితే వందలమంది పేర్లు, మందుల పట్టిక, ఏ పునరావాస కేంద్రంలో ఎంతమంది అన్న లెక్క మాటల్లో చెబితే ఒక్క అంకె తప్పు విన్నా చాలు, నష్టం పెద్దది. ఇలాంటి చోట ఎఫ్‌టీ8 పనికిరాదని గట్టిగానే చెప్పాలి. 13 అక్షరాల్లో పట్టిక పంపలేం. కావలసింది ప్రతి ప్యాకెట్‌కూ అందిందని జవాబు వచ్చే వారా, ఆర్డాప్, ప్యాక్టర్ వంటివి. లింకు మరీ బలహీనంగా ఉంటే ఎఫ్‌టీ8 ఎముకల మీదే స్వేచ్ఛగా రాసుకునేలా తయారైన జేఎస్8కాల్, లేదా పావెల్ యలోహా రూపొందించిన ఒలీవియా. ఒలీవియా వేగం తక్కువే కానీ నాయిస్ అడుగు నుంచీ వాక్యాలు పంపుతుంది.

విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు గాలిదారిలో సుమారు 500 కిలోమీటర్లు. ఆ దూరానికి సిగ్నల్‌ను దిగంతం వైపు విసిరే ఎత్తైన పెద్ద యాంటెన్నాలు అక్కర్లేదు. తక్కువ ఎత్తులో అడ్డంగా కట్టిన డైపోల్ (తీగ యాంటెన్నా), పగలు 40 మీటర్ల బ్యాండ్, రాత్రి 80 మీటర్లు. తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకెళ్లి, రేడియో తరంగాలను వెనక్కి తిప్పే పై వాతావరణపు పొర అయనోస్ఫియర్ నుంచి కిందికి వస్తుంది. ఇక్కడ చిక్కు బలహీనత కాదు, ప్రతిధ్వని. ఒకే సిగ్నల్ ఒకటి, రెండు గెంతుల్లో కొన్ని మిల్లీసెకన్ల తేడాతో చేరి తనను తానే చెరుపుకుంటుంది. వేగంగా మారే గుర్తులు వాడే పాత ప్యాకెట్ రేడియో ఈ బ్యాండ్లలో ఎప్పుడూ తడబడటానికి ఇదే కారణం. ఒక్కో క్యారియర్ మీద నిదానంగా నడుస్తూ, అనేక క్యారియర్ల మీద పంచుకునే మోడ్‌లు దీన్ని తట్టుకుంటాయి.

తెలుగులో పంపాలంటే ఇంకో లెక్క ఉంది. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. "సాయం కావాలి" అని పంపడానికి 31 బైట్లు పడితే, అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో 12కు సరిపోతుంది. ఒలీవియా అక్షరానికి ఏడు బిట్లే తీసుకుంటుంది కాబట్టి అందులో ఇంగ్లిష్ లిపే గతి. ఫైళ్లు పంపే మోడ్‌లకు లిపితో పనిలేదు, బైట్లు బైట్లే. పైగా పంపే ముందు కుదించే ఏర్పాటు ఉంటే తెలుగు బైట్లలో ఒకేలా తిరిగి వచ్చే భాగం బాగా తగ్గిపోతుంది. గ్రామాల్లో జాబితాలు రాసేవాళ్లు తెలుగులోనే రాస్తారు. హడావిడిలో లిపి మార్చేటప్పుడు పేర్లు, ఊళ్లు తారుమారు అయ్యే ప్రమాదం ఉంది. ఎర్రర్ కరెక్షన్ గాలిలో పోయే బిట్లను కాపాడుతుంది కానీ టైపు చేసేటప్పుడు దొర్లిన తప్పును కాపాడలేదు. అందుకని తెలుగు ఫైలును ఉన్నదున్నట్టు పంపడం, సమయం కాస్త ఎక్కువ పట్టినా, మేలు.

చివరిగా గడియారం. ఎఫ్‌టీ8, జేఎస్8కాల్ రెండూ స్టేషన్లన్నీ ఒకే సమయానికి మొదలుపెట్టడం మీద ఆధారపడ్డాయి. తేడా సెకనులోపు ఉంటేనే మంచిది. మామూలు రోజుల్లో కంప్యూటర్ ఆ సమయాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. తుఫానుకు టవర్లు పడిపోయాక రెండు మూడు రోజులకే ల్యాప్‌టాప్ గడియారం పక్కకు జరిగిపోయి, బలమైన సిగ్నల్ కూడా డీకోడ్ కాకుండా పోవచ్చు. చిన్న యూఎస్‌బీ జీపీఎస్ రిసీవర్ ఒకటి కిట్‌లో పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు. జవాబు తీసుకుంటూ నడిచే వారా, ఆర్డాప్‌లకు ఆ అవసరమే లేదు. రెండు స్టేషన్లూ ఒకదానికొకటి సమయం కలుపుకుంటాయి.